ఒకే ఇంటికి మూడు చూపులు

హిందూపురంలో బజారు పక్క సందులో చిన్న గది తీసుకుని, ముందు "ఇళ్లు చూడబడును" అని బోర్డు పెట్టాను. పెళ్లికి ముందు పెళ్లిచూపులు ఉన్నట్టే, కొనే ముందు ఇంటిచూపులు కూడా ఉండాలి కదా అని నా ఆలోచన. బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా చాలాకాలం పనిచేశాను. తలుపు సరిగ్గా మూసుకుంటోందా, బాత్‌రూములో నీళ్లు జాలి వైపే పోతున్నాయా, గోడ నిటారుగా ఉందా అని తప్పులు వెతకడమే అక్కడ నా ఉద్యోగం. తప్పులు వెతికినందుకు జీతమిచ్చే లోకం ఒకటుందని అక్కడే తెలిసింది. మా ఆవిడకు మాత్రం ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. ఆమె ఆ పని ఇంట్లో ఉచితంగా చేస్తుంది.

బోర్డు చూసి మొదట వచ్చినాయన అద్దెకు ఇల్లు కావాలన్నాడు. తర్వాత వచ్చినాయన ఈశాన్యంలో మెట్లు ఉండవచ్చునా అని అడిగాడు. ఆ తర్వాత ఒకామె నేరుగా లోపలికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇల్లు చూసేదానికి దుడ్లెందుకప్పా? మేము ఊరికే చూస్తాము" అని చెప్పి వెళ్లిపోయింది.

"వాస్తు చూసేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాస్తవం చూసేవాణ్ని నేనొక్కణ్నే" అని నేను వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ నవ్వింది, అదీ మొదటిసారి మాత్రమే.

నిజానికి నేను చేసే చూపులు మూడు రకాలు. కొనేవాళ్ల తరఫున చూసేది ఒకటి. మిద్దె కురుస్తుందా, గోడల్లో బీటలు పైపైనేనా లోపలిదాకానా, కొత్త సున్నం కింద ఏం దాక్కుంది అని చూసి చెప్పడం. అమ్మేవాళ్ల తరఫున చూసేది రెండోది. కొనేవాడు వచ్చి వేలెత్తి చూపించకముందే మన ఇంటి లోటుపాట్లు మనమే తెలుసుకుని, దిద్దుకునేవి దిద్దుకుని, లేనివి లేవని ధైర్యంగా చెప్పుకోవడానికి పనికొస్తుంది. అమ్మడానికీ నమ్మడానికీ మధ్య ఉన్నది ఒక్క నకారమే అంటాను నేను. మూడోది ఉండేవాళ్ల కోసం. కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, ఏడాదికొకసారి ఇంటి ఆరోగ్యం చూసిపోవడం. ఒంట్లో బాగున్నప్పుడు డాక్టరు దగ్గరికి పోనివాళ్లు ఇంట్లో బాగున్నప్పుడు నా దగ్గరికెందుకొస్తారు? మొదటి రకానికే అప్పుడొకరు ఇప్పుడొకరు వచ్చేవాళ్లు. మిగతా రెండూ గోడకు అంటించిన కాగితం మీదే ఉండిపోయాయి.

ఆ మూడూ ఒకే ఇంటికి చేసే యోగం ధర్మవరంలో పట్టింది.

ఒకరోజు పొద్దున రైలు దిగి నేరుగా నా గదికి వచ్చారు ఆ మొగుడూ పెళ్లాలు. పట్టుచీరలు నేసేవాళ్లు. ఆయన మాట తక్కువ మనిషి, కుర్చీ చూపిస్తే దాని అంచున కూర్చున్నాడు. ఆమె కుర్చీ నిండా కూర్చుంది. నన్ను అన్నా అంది. నేను ఆమెను అక్కా అన్నాను. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చే తనిఖీ ఇప్పటికీ జరగలేదు.

"మాది గుంత మగ్గమన్నా" అని మొదలుపెట్టింది. "నేలలో గుంత తవ్వి, దాంట్లో కాళ్లు దించుకోని కూర్చోని నేస్తాము. బాడుగిల్లు మారినప్పుడంతా కొత్తగా తవ్వల్ల. ఖాళీ చేసేటప్పుడు గుంత పూడ్చి, పైన బండ పరిచి, ఎట్లుండే ఇల్లు అట్ల అప్పజెప్పల్ల. నేను నేసిన చీరలు యాడ యాడనో ఉండాయి. నేను పూడ్చిన గుంతలు మాత్రం అన్నీ ధర్మవరంలోనే ఉండాయి."

ఇప్పుడు ఒక పాత ఇల్లు కుదిరిందట. పెనుకొండలో ఉండే ఒక పెద్దాయనది. సేద్యం చేసుకునే కుటుంబం. వాళ్ల నాయన కాలంలో కట్టిన ఇల్లు, ఇన్నాళ్లూ శెనక్కాయ మూటలు వేసుకోవడానికి వాడుకున్నారు. ఇప్పుడు అమ్ముతానంటున్నాడు. మాట కుదిరింది, ధర కుదిరింది.

"వాస్తు ఆయప్ప వచ్చి చూసి పోయినాడు. తూరుపు బాగుండాదంట" అంది. "నాకు దిక్కులు బాగుంటే చాలదన్నా. రెండు మాటలు చెప్పల్ల నువ్వు. మిద్దె కురుస్తాదా? నేలలో చెమ్మ ఊరుతాదా? వానాకాలం గుంతలో చెమ్మ పుట్టిందంటే పట్టు పడుగు సాగిపోయి జోలె మాదిరి వేలాడతాది. పోగులు తెగుతాయి. మగ్గం ఆపి, చేతులు ముడుచుకోని కూర్చోవల్ల. మళ్లా గుంత పూడ్చే ఓపిక నాకు లేదు. ఈ ఇంట్లో తవ్వితే అదే ఆఖరు గుంత కావల్ల."

ఆయన అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "జకార్డు పడుతాదా అని కూడా చూడల్ల సార్." మగ్గం పైన పెట్టే జకార్డు మిషనుకు మిద్దె ఎత్తు చాలాలి. రాసుకున్నాను.

అనుకున్న రోజుకు ధర్మవరం వెళ్లాను. పెద్దాయన పెనుకొండ నుంచి తాళంచెవి తీసుకుని మాకంటే ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నా సంచీ మీద కన్ను.

ఇల్లు చూడగానే నాకు ముచ్చటేసింది. రాతి గోడలు, రాతి దూలాల మీద బండలు పరిచిన మిద్దె, లోపలంతా తాడిపత్రి బండల నేల. తూకం గుండు వేలాడదీస్తే గోడ దారం పక్కనే బుద్ధిగా నిలబడింది. మూలల్లో టార్చి కొట్టాను. చెదలు లేవు. చెమ్మ కొలిచే మిషను గోడకు ఆనిస్తే ముల్లు లేవడానికే బద్ధకించింది. మగ్గమామె మొగుడు పొడుగాటి కట్టె ఒకటి నిలబెట్టి దూలం దాకా చూసుకుని, పెళ్లాం వైపు తిరిగి తలాడించాడు. జకార్డు పడుతుంది.

"మా నాయన పెనుకొండ నుంచి రాయి బండ్ల మీద తోలించినాడప్పా" అన్నాడు పెద్దాయన అరుగు మీద నుంచే. "బాగా చూడు. యాడైనా తప్పు పట్టుకో సూద్దాం."

నాతో అనకూడని మాట అది.

నా దగ్గర ఒక సన్న ఇనుప కడ్డీ ఉంది, కొసకు చిన్న గుండు. దాంతో నేల బండలు ఒక్కొక్కటీ తడుతూ పోతాను. కింద గట్టిగా ఉంటే టక్కుమంటుంది, డొల్లగా ఉంటే సద్దు మారుతుంది. టక్, టక్, టక్ అంటూ నడింటి మధ్యకు వచ్చేసరికి డబ్ అంది. పక్క బండ మీద కొడితే అదీ డబ్. అట్లా నేల తడుతుంటే నాకొకటి తట్టింది. కింద ఖాళీ ఉంది, అదీ చిన్నది కాదు. మోకాళ్ల మీద కూర్చున్నాను. చాలదన్నట్టు పడుకుని నేలకు చెవి ఆనించి మళ్లీ తట్టాను. సుద్దముక్క తీసి డొల్లగా పలికిన చోటల్లా గీత గీశాను. గీతలన్నీ కలిపితే చతురస్రం వచ్చింది. ఎవరో కావాలని కట్టిన ఖాళీ.

అరుదైన జబ్బు కనబడితే డాక్టరు మొహం వెలుగుతుందట, పాపం రోగి సంగతి మరిచిపోయి. నా మొహమూ అట్లాగే వెలిగి ఉంటుంది. "ఉండాది, ఉండాది!" అన్నాను, పడుకునే.

పెద్దాయన అరుగు దిగి వచ్చాడు. "ఏముండాదప్పా?"

"ఇంకా తేల్చుకోవల్ల పెద్దాయనా. అంతవరకు ఎవరికీ చెప్పొద్దండి" అన్నాను.

నా ఉద్దేశం మంచిదే. తేలకముందే ఇంటికి చెడ్డపేరు రాకూడదని. కానీ పెద్దాయన కళ్లు సుద్దగీతల మీద నుంచి నా చెవికంటిన దుమ్ము మీదికి, అక్కడి నుంచి నా ఇనుప కడ్డీ మీదికి పోయాయి. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"లేయప్పా" అన్నాడు. "అందరూ బయటికి రాండి. ఈ ఇల్లు అమ్మేది లేదు."

తాళం పడింది. ఆయన లాగి చూసుకుని, మళ్లీ లాగి చూసుకుని బస్టాండు వైపు నడిచాడు. మేము ముగ్గురం వీధిలో మిగిలాం. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

"ఇల్లు చూడమంటే ఇల్లు పోగొట్టినావు కదన్నా" అంది.

ఆమె మొగుడు నా సంచీ మోసుకుని స్టేషను దాకా వచ్చాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, రైలు కదిలేటప్పుడు మాత్రం, "ఎత్తు బాగుండె సార్" అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ పప్పు గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నేలమీద గీతలు గీసి, చెవి ఆనించి, ఉండాది ఉండాది అని, ఎవరికీ చెప్పొద్దన్నావా? ఇంక నిమ్మకాయ ఒక్కటే తక్కువ."

అప్పుడు వెలిగింది నాకు. పెనుకొండ మనుషులకు గుప్తనిధుల సంగతి కొత్తకాదు. కోట ఉన్న ఊరు, కొండ మీద ఎవరు ఎందుకు తవ్వారో తెలియని గుంతలు చాలానే ఉంటాయి. ఆ ఊరి పెద్దమనిషి ముందు నేను చేసిందంతా, మొదటి నుంచి చివరిదాకా, నిధులు వెతికేవాడు చేసేదే. సివిల్ డిప్లొమా చదివాను, మంత్రాలు మాత్రమే తక్కువ చదివాను.

మరుసటి రోజే పెనుకొండ బస్సెక్కాను. పెద్దాయన ఇంటి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"రాప్పా మంత్రగాడా" అన్నాడు. "ఒక్కనివే వచ్చినావా, కోడిపుంజును కూడా తెచ్చినావా?"

"పెద్దాయనా, నేను నిధులు వెతికేవాణ్ని కాదు. ఇంట్లో లోపాలు వెతికేవాణ్ని."

"ఈ కొండ చుట్టూరా తవ్వేవాళ్లను ఎంతమందిని చూసినా నేను. అందరూ ఇట్లే ఇస్త్రీ చొక్కాలు వేసుకోని వస్తారు. ఆ మగ్గమామె నిన్ను ఎందుకు పిలిపించింది చెప్పు? ఇల్లు కొనేవాళ్లు గోడ చూస్తారు, గడప చూస్తారు. నేలకు చెవి పెట్టేవాణ్ని యాడా చూడలే."

"ఆయమ్మకు కావల్సింది చెమ్మ లేని నేల. అంతే. ఆ డబ్‌మనే సద్దు విని మీకంటే ఎక్కువ భయపడింది ఆయమ్మే."

పెద్దాయన కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత ఒక మాటన్నాడు. "సరే, నీదే నిజమనుకో. నా ఇంట్లో ఏముండాదో నాకు తెలీకుండా, కొనేవాళ్లకు ముందు తెలిస్తే అది న్యాయమా?"

నాకు ఆయన్ను కౌగిలించుకోవాలనిపించింది. ఇన్నాళ్లు గోడకు అంటించుకున్న కాగితంలో నేను చెప్పాలని చెప్పలేకపోయింది ఈయన మంచం మీద కూర్చుని ఒక్క ముక్కలో చెప్పాడు. "అందుకే కదా పెద్దాయనా, అమ్మేవాళ్లు ముందే చూపించుకోవల్ల అనేది! ఈసారి మీ తరఫున వస్తా. మీ ముందరే, పదిమంది ముందరే ఆ బండ ఎత్తిద్దాం. ఏమీ లేకపోతే ఇల్లు ముందు మాటకే ఆయమ్మకు ఇవ్వల్ల."

"ఉంటే?"

"ఉంటే మీదీ కాదు, నాదీ కాదు. గవర్నమెంటుది."

"అట్లయితే ఎత్తేదెందుకు?" అన్నాడు పెద్దాయన నీరసంగా.

లోపల చాటలో రాళ్లేరుతున్న ఆయన భార్య అక్కడి నుంచే జవాబిచ్చింది. "ఎందుకంటే అది ఎత్తించేదాక నువ్వు నిద్రపోవు, నన్ను పోనీవు. రాత్రంతా దొర్లుతానే ఉండావు. ఎత్తించు పోప్పా."

పెద్దాయన నా చేతిలో చెయ్యి వేశాడు. బయటికొచ్చి మగ్గమామెకు ఫోను చేశాను. అంతా ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత, "అన్నా, దాంట్లో ఏమన్నా దొరికితే?" అంది. దొరికితే ఆఫీసర్లొస్తారు, సీలు వేస్తారు, ఆ ఇల్లు ఇంక ఎవరికీ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ధర్మవరం ఊరు మొత్తం మీద ఆ ఇంట్లో నిధి ఉండకూడదని మొక్కుకున్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఎవరికీ చెప్పొద్దన్న మాట వీధి వీధికీ పాకింది. బండ ఎత్తే రోజు మేము చేరుకునేసరికి అరుగుల మీద ఖాళీ లేదు. సోడాబండి కూడా వచ్చింది. పెద్దాయన భార్యతో సహా దిగాడు. మగ్గమామె గోడకు ఆనుకుని నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆమె మొగుడు గడ్డపార తీసుకున్నాడు. వీధిలో మూటలు మోసేవాళ్లు ఇద్దరు చెయ్యి కలిపారు.

పై బండలు లేచాయి. కింద మట్టి. మట్టి తీస్తే, మధ్యలో తొలిచిన బెజ్జంతో ఒకే ఒక పెద్ద బండ. జనం ముందుకు తోసుకొచ్చారు. బెజ్జంలో గడ్డపార దూర్చి బండను పక్కకు జరిపారు. చీకటి కనబడింది. దాంతోపాటు ఒక వాసన పైకొచ్చింది. ఎండిన చొప్పలాంటి, మూతవేసిన గాదెలాంటి వాసన. ముందుకు వంగాను.

"ఎవరూ దిగొద్దు!" అని కేక వేశాడు పెద్దాయన.

"చూసినారా, ఆయప్పే తీసుకుంటాడంట!" అన్నారు వెనక నుంచి.

"నోరు ముయ్యండబ్బా! గాలి చెడ్డది. మూసిన పాతరలో వెంటనే దిగితే మనిషి మిగలడు. ముందు దీపం దించండి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఏమన్నాడో ఆయనకే అప్పుడు అర్థమైనట్టు ఆగిపోయాడు. "పాతర" అని తనలో తను అనుకున్నాడు. నిదానంగా ఆ అంచునే చతికిలబడ్డాడు. "ఇది పాతరప్పా! మా నాయన చెప్పేవాడు ధర్మవరమింట్లో పాతర ఉండాదని. నేను యాడో వాకిట్లో ఉండి పూడిపోయిందనుకున్నా."

తెలియని వయసువాళ్లకు ఆయనే చెప్పాడు. పంట బాగా పండిన ఏడు జొన్నలు ఇట్లా నేల కింద రాతి గుంతలో పోసి, చొప్ప కప్పి, బండ వేసి, మట్టితో మూసేవాళ్లట. వానలు పడని ఏడు తెరిచి తినేవాళ్లట. ఒక్క చుక్క చెమ్మ తగిలినా గింజలన్నీ బూజు పట్టి పోతాయి, అందుకని నేల చూసి, రాయి చూసి కట్టేవాళ్లట. ఆ ముక్క వినగానే నేను మగ్గమామె వైపు చూశాను. ఆమె కొంగు నోటి మీద నుంచి జారిపోయింది.

తాడు కట్టి దించిన దీపం మొదట ఆరిపోయింది. తెరిచి ఉంచి, కాచుకున్నాం. సోడాబండికి బేరం బాగా సాగింది. ఎండ నడినెత్తి దాటాక దించిన దీపం ఆరకుండా నిలబడింది. అప్పుడు నిచ్చెన వేయించి నేనే దిగాను. దర్జాగా దిగుదామనుకున్నాను గానీ నా పొట్ట అంచు దగ్గర కాస్త ఆలోచించుకుంది. పైనున్నవాళ్లు భుజాలు నొక్కి సాయపడ్డారు.

లోపల నలువైపులా చెక్కిన రాయి. సందుల్లో సున్నం. అడుగున గుప్పెడు పొట్టు, చొప్ప ముక్కలు. గోడకు అరచెయ్యి ఆనించాను. మిషను ఆనించాను. నలుమూలలా, కిందా పైనా ఆనించాను. ముల్లు కదలలేదు.

"పొడి!" అని అరిచాను పైకి. "అంతా పొడి!"

"బంగారు పొడా?" అని ఎవరో పైనుంచి ఆశగా అడిగారు.

అడుగునున్న పొట్టు గుప్పిట నిండా తీసుకొచ్చి పెద్దాయన చేతిలో పోశాను. ఆయన దాన్ని అరచేతిలో రుద్ది, ఊది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కొంచెం నిరాశగా, కొంచెం సిగ్గుగా, చివరికి గట్టిగా నవ్వాడు. ఆయన భార్య అంది: "హమ్మయ్య. ఈరాత్రి నిద్రపోతావు."

పాతర చూడ్డానికి జాతరలా వచ్చిన జనం పలచబడిపోయారు. పోతూ పోతూ పక్కింటి ముసలామె, "ఏమీ దొరకలేదు కదా, ఈయమ్మకెందుకబ్బా అంత సంతోషం?" అని అడిగింది. ఎందుకంటే ఆ మగ్గమామె అప్పటికే పాతర అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడదీసింది. మోకాళ్లు సరిపోయే ఎత్తుకు చెయ్యి పెట్టి మొగుడికి చూపిస్తోంది, ఇక్కడిదాకా ఇసుక పోస్తే చాలు, ఈ పక్క రాయి మనకు కూర్చునే పీట, ఆ పక్క కాళ్లతో తొక్కే పలకలు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. ఆమె మొగుడు నా వైపు తిరిగి, బహుశా ఆ నెల మొత్తానికి సరిపడా మాట్లాడాడు.

"రాతి గుంత సార్! ఎవురికుంటాది సార్ ధర్మవరంలో రాతి గుంత!"

పెద్దాయన లేచి, తాళంచెవి తీసి ఆమె పక్కన పెట్టాడు. "మాట మాటే తల్లీ. ఇల్లు నీది."

ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగుతారు. ఆమె కాళ్లు పైకి తీసుకుని, కళ్లు తుడుచుకుని, "రెండో మాట చెప్పలేదన్నా నువ్వు. మిద్దె?" అంది.

మిద్దె సంగతి తేల్చడానికి వాన రావాలి. మా సీమలో వాన కోసం కాచుకుంటే ఆమెకు మనవలు పుడతారు. అందుకని నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డలు కుక్కి, ట్యాంకరు పిలిపించి, మిద్దె మీద నీళ్లు నిలబెట్టాను. ఇంతకుముందు నిధి దొరకలేదని బాధపడిన వీధి, ఇప్పుడు నీళ్లు దొరికాయని మండిపడింది.

"తాగేదానికి లేక మేము చస్తాంటే మిద్దెకు తాపుతాండావా? పిచ్చిగిచ్చి పట్టిందా నీకు?" అని ఎదురింటావిడ బిందె చంకలో పెట్టుకుని నిలదీసింది. చూపు అయ్యాక ఆ నీళ్లు వీధికే వదులుతానని ఒప్పందం కుదిరింది. ఇంటి తనిఖీలో బిందెల వరస పెట్టించిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను.

మర్నాడు చూస్తే ఒక మూల, నీళ్ల గొట్టం దగ్గర, బండల సందులో నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. మిగతా మిద్దె అంతా ఎండు చొప్పలా ఉంది. ఇది ఎవరు బాగుచేయించాలని నేను నసుగుతుంటే పెద్దాయన కసిరాడు. "నా తరఫున చూస్తివి, నా ఇంట్లో తప్పు నువ్వు చూపించినావు. తప్పున్న ఇల్లు నేనెట్ల ఇస్తానప్పా?" మేస్త్రీని పిలిపించి, సందు తొలిపించి, సున్నం పెట్టించి, మళ్లీ నీళ్లు కట్టించి చూసేవరకు ఆయన పెనుకొండ బస్సెక్కలేదు. ఎదురింటావిడ ఆ రెండోసారికి బిందెలతో సిద్ధంగా ఉంది.

ఆ తర్వాత పెద్దాయన పెనుకొండలో ఏం చెప్పాడో గాని, సోమందేపల్లి నుంచి కూడా అమ్మేవాళ్లు నా గదికి రావడం మొదలుపెట్టారు. "మా ఇంట్లో ఏముండాదో మాకు ముందు చెప్పు" అంటారు. కొందరైతే ఆశగా, "తట్టే కడ్డీ తెస్తావు కదా?" అని అడుగుతారు. తెస్తానంటాను.

వానాకాలం వచ్చింది. వచ్చిందంటే, మా వైపు ఎప్పుడో అట్లా ముఖం చూపించి పోయే వాన కాదు. ఈసారి ముసురు పట్టి కూర్చుంది. ధర్మవరం నుంచి ఫోను. "ఒకసారి వచ్చి చూసిపో అన్నా. ఏడాదికొకసారి చూస్తానంటివి కదా" అంది ఆమె. గొంతులో ఏమీ తెలియలేదు. రైల్లో ఉన్నంతసేపూ సంచీలోంచి మిషను తీసి ముల్లు చూడటం, మళ్లీ లోపల పెట్టడం, ఇదే పని. ఎండాకాలం పొడిగా ఉన్న రాయి వానాకాలం ఎట్లా ఉంటుందో చెప్పడానికి నేను పుస్తకాల్లో చదివింది చాలదు.

వీధిలో నడుస్తుంటే ఒక ఇంటి ముందు మగ్గమాయన అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఇంకో ఇంటి ముందు ఇంకొకాయన. "చెమ్మబ్బా. పడుగంతా సాగిపోయింది" అన్నాడు, నేను అడగకుండానే. వీధంతా మూగగా ఉంది. నా నడక దానంతటదే నెమ్మదించింది.

సందు మలుపు తిరిగేసరికి చప్పుడు వినబడింది. టకటక, టకటక. పలకలు తొక్కుతున్న చప్పుడు, పోగు మోసే నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు. ఆ వీధిలో ఆడుతున్న మగ్గం అదొక్కటే.

చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డాను. నడింట్లో, నేను సుద్దగీతలు గీసిన చోట, మగ్గం నిలబడి ఉంది. జకార్డు దూలానికి తగలకుండా పైన ఊగుతోంది. ఆమె పాతరలో కాళ్లు దించుకుని కూర్చుని ఉంది. నేరేడుపండు రంగు చీర, బంగారు అంచు, పడుగు వీణ తీగలా బిగుసుకుని ఉంది. వంగి చెయ్యి లోపలికి చాపాను. ఆమె పక్కన, కాళ్ల కింద, రాతి సందుల్లో తడిమి చూశాను. వేళ్లకు ఇసుక అంటింది, అంతే. మిద్దె మూల చూశాను. సున్నం పెట్టిన చోట తెల్లగా, పొడిగా ఉంది. బయట వాన కురుస్తోంది. లోపల ఏమీ కురవడం లేదు.

"ఎట్లుండాదన్నా?" అని అడిగింది, చెయ్యి ఆపకుండా.

చెప్పాలంటే నా దగ్గర చాలా మాటలున్నాయి. వాటిలో సగం శాస్త్రం, సగం శ్లేష. గొంతు సవరించుకుని గుమ్మంలో నిటారుగా నిలబడ్డాను.

"బాగుండాదని నాకు తెలుసులే" అంది ఆమె, ఇంకో పోగు తోస్తూ. "ఊరంతా మగ్గాలు ఆపుకోని కూర్చుంటే నాది ఆడతాండాది, అది నీ కళ్లతో నువ్వు చూడల్లని పిలిస్తి. చూసినావు కదా. వెలుతురుకు అడ్డం నిలబడినావు, పక్కకు జరగన్నా. సాయంత్రానికి ఈ కొంగు అయిపోవల్ల."

జరిగాను.